తలగడ మీది నుండి చూడవలసిన భవనము

వ్యాధి ఇక నయము కాదని తేలిన తరువాత వైద్యునికి పని తీరిపోయినదని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. నొప్పి తగ్గించవలెను, ఆయాసము తగ్గించవలెను, పుండ్లకు కట్లు కట్టవలెను, నిద్ర పట్టునట్లు చూడవలెను, రోగితోను, అతని ఇంటివారితోను కూర్చుండి మాటలాడవలెను. ఈ పనికై ప్రత్యేకముగా ఏర్పడిన ఆశ్రమమునకు హాస్పిస్ అని పేరు. అక్కడ చేయు చికిత్సను ఉపశమన చికిత్స అందురు.

ఇటీవలి కాలమున హాస్పిస్ భవనములను గూర్చి వ్రాయువారి నోట తరచు రెండు మాటలు వినబడుచున్నవి. భవనము ప్రకృతితో కలిసి ఉండవలెనన్నది మొదటిది. కట్టుటకు వాడిన సామగ్రి భూమికి భారము కాకూడదన్నది రెండవది. రెండును మంచి మాటలే. కాని మంచి మాట నోటికి వచ్చినంత తేలికగా గోడలోనికి దిగదు. ఛాయాచిత్రములు తీయువాడు నిలుచుండి తీయును. బహుమానములు నిర్ణయించువారు నడుచుచు చూతురు. దాతలు ప్రారంభోత్సవమునాడు వాకిట నిలిచి చూతురు. ఎవరికొరకు ఆ భవనము కట్టబడినదో ఆ మనిషి మాత్రము పడుకొని చూచును. కాబట్టి హాస్పిస్ భవనము యొక్క మంచిచెడ్డలు చెప్పదలచినవాడు తన తలను రోగి తలగడమీద పెట్టి చెప్పవలెను. ఈ ఒక్క కొలతతో కొన్ని ప్రసిద్ధ భవనములను, కొన్ని ప్రసిద్ధ వాదములను పరీక్షింతము.

ఒక కిటికీ కొరకు 500 పౌనులు

ఆధునిక హాస్పిస్ చరిత్ర ఒక కిటికీతో మొదలైనదని చెప్పవచ్చును. 1948లో లండనులోని ఒక ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుడు కాన్సరుతో మరణించినాడు. బంధువులు దగ్గర లేని మనిషి. ఆసుపత్రిలో సాంఘిక సేవికగా పనిచేయుచుండిన సిసిలీ సాండర్సు ఆయనను చూచుచు వచ్చినది. మరణ సమీపమున ఉన్నవారికై ప్రత్యేకముగా ఒక గృహము ఉండవలెనని వారిరువురు మాటలాడుకొన్నారు. టాస్మా తనకున్న 500 పౌనులను ఆమెకు విడిచి, ఆ గృహములో తాను ఒక కిటికీగా ఉందునని చెప్పినాడు. ఆమె తరువాత వైద్యము చదివి 1957లో వైద్యురాలైనది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిస్ తెరవబడినది. మన దేశములో మొదటి హాస్పిస్ అయిన శాంతి ఆవేదనా సదన్ 1986లో బొంబాయిలో ఏర్పడినది.

ఈ కథలో మనము గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆయన కోరినది తోట కాదు, కొలను కాదు, కిటికీ. కిటికీ అనగా లోపల ఉన్నవానికి బయటి ప్రపంచముతో మిగిలిన సంబంధము. చెట్టు కనబడినను, పాఠశాలకు పోవు పిల్లలు కనబడినను, బట్టలు ఆరవేయు ఇల్లాలు కనబడినను అది సంబంధమే. "ప్రకృతి" అను మాటను చెట్లకు, పూలకు మాత్రమే పరిమితము చేసి, మనుష్యులను అందులోనుండి తీసివేయుట నేటి వాస్తుశిల్పులలో కొందరు చేయుచున్న మొదటి పొరపాటు. ఊరికి దూరముగా, కొండవాలున, ఏకాంతముగా కట్టిన హాస్పిస్ చిత్రములో బహు రమ్యముగా ఉండవచ్చును. అక్కడికి చేరుటకు బస్సు లేనిచో, రోగి భార్య రోజు విడిచి రోజైనను వచ్చిపోవుట ఎట్లు? రోగికి కనబడవలసిన దృశ్యములలో మొదటిది తనవారి ముఖము.

చెట్టును చూచిన రోగి, గోడను చూచిన రోగి

ప్రకృతి వాదమునకు శాస్త్రీయమైన ఆధారముగా అందరును చూపునది 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ ప్రకటించిన పరిశోధన. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక ఆసుపత్రిలో 1972 మొదలు 1981 వరకు పిత్తాశయపు శస్త్రచికిత్స పొందినవారి రికార్డులను ఆయన పరిశీలించినాడు. కొన్ని గదుల కిటికీల నుండి చెట్లు కనబడును. కొన్నింటి నుండి ఇటుకగోడ కనబడును. వయస్సు మొదలగు విషయములలో పోలికగల రోగులను జంటలుగా ఏర్పరచినాడు. మొత్తము 23 జంటలు, 46 మంది. చెట్లను చూచినవారు శస్త్రచికిత్స తరువాత సగటున 7.96 రోజులు, గోడను చూచినవారు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చెట్లను చూచినవారికి తీవ్రమైన నొప్పిమందులు తక్కువ మోతాదులలో సరిపోయినవి.

ఇది చక్కని పరిశోధన. చెట్లకు ఆకులుండు మాసములను మాత్రమే లెక్కలోనికి తీసికొనుట ఆయన జాగ్రత్తకు నిదర్శనము. కాని దీనిని ఎంతవరకు వాడుకొనవచ్చునో తెలిసికొని వాడుకొనవలెను. సగటులో తేడా 0.74 రోజు, అనగా సుమారు 18 గంటలు. ఒక్క ఆసుపత్రి, ఒక్క రకపు శస్త్రచికిత్స, 46 మంది. అంతకన్న ముఖ్యమైన సంగతి వేరొకటి ఉన్నది. వారందరును కోలుకొనుచున్నవారు. "ఎన్ని రోజులలో ఇంటికి పోయినారు" అన్నది వారి విషయములో సరియైన కొలత. హాస్పిస్‌లో ఉన్నవానికి ఆ కొలత పనికిరాదు. అతడు కోలుకొనుటకు రాలేదు.

అయినను హాస్పిస్ భవనములను వర్ణించు రచనలలో "స్వస్థత కూర్చు తోట", "నయము చేయు కలప" వంటి మాటలు విరివిగా కనబడుచున్నవి. ఈ మాటలు వినుటకు ఇంపుగా ఉండును గాని, వీటిలో ఒక అన్యాయమున్నది. తోట నయము చేయునని చెప్పినచో, నయము కాని రోగి ఏమనుకొనవలెను? చెట్టు కోలుకొనుటకు తోడ్పడునన్నది ఒక వాదము. చెట్టు కనబడుట బ్రతికి ఉన్నంతకాలము మనిషికి హక్కు అన్నది మరియొక వాదము. హాస్పిస్‌కు రెండవది చాలును. దానికి గణాంకముల ఆసరా అక్కరలేదు.

కిటికీ క్రిందిగోడ ఎంత ఎత్తు?

ఆ హక్కు నిజముగా దక్కవలెనన్న, మాటలకన్న కొలతలు ముఖ్యము. దీనికి తొమ్మిదవ తరగతి క్షేత్రగణితము చాలును. మంచముమీద తలగడ వేసికొని పడుకొన్న మనిషి కన్ను నేల నుండి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. కిటికీ 2 మీటర్ల దూరమున ఉన్నది. మన ఇండ్లలో సాధారణముగా ఉన్నట్లు దాని క్రిందిగోడ 90 సెంటీమీటర్లు. కంటి నుండి ఆ గోడ పైఅంచు మీదుగా పోవు చూపు 2 మీటర్లకు 15 సెంటీమీటర్ల చొప్పున పైకి లేచును. కిటికీకి ఆవల 20 మీటర్ల దూరము పోవుసరికి ఆ రేఖ నేల నుండి 2 మీటర్ల 40 సెంటీమీటర్ల ఎత్తున ఉండును. దానికి క్రిందనున్నది ఏదియు రోగికి కనబడదు. పూలమొక్కలు కనబడవు. తోటలో నడుచు మనుష్యులు కనబడరు. వేలకొలది రూపాయలు పోసి పెంచిన పచ్చిక కనబడదు. కనబడునది ఆకాశము, చెట్టు తల.

ఇప్పుడు క్రిందిగోడను 45 సెంటీమీటర్లకు తగ్గింతము. చూపు 2 మీటర్లకు 30 సెంటీమీటర్ల చొప్పున క్రిందికి దిగును. కంటి నుండి 5 మీటర్ల దూరమున, అనగా కిటికీకి ఆవల 3 మీటర్లలోనే అది నేలను తాకును. అక్కడినుండి తోట అంతయు రోగిదే. పిచ్చుక గింజలు ఏరుకొనుట కనబడును. మనుమడు వచ్చుచున్నట్లు కనబడును. గోడను 45 సెంటీమీటర్లు తగ్గించుటకు ఖర్చు ఏపాటిది? ఈ లెక్క వేయకుండ ఎన్ని చెట్లు నాటినను అవి సందర్శకులకొరకు నాటినట్లే.

ద్వారము సంగతియు ఇట్టిదే. ఆసుపత్రి మంచము సుమారు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉండును. గది నుండి వసారాలోనికి పోవు ద్వారము 1 మీటరు 20 సెంటీమీటర్లైనను లేనిచో మంచము బయటికి రాదు. మనవారికి గడప శుభప్రదము. పసుపు పూసి ముగ్గు వేయుదుము. కాని చక్రముల మంచమునకు అదే గడప కోటగోడ. నేలతో సమముగా ఉన్న ద్వారము హాస్పిస్‌లో అలంకారము కాదు, అవసరము.

పైమియో నేర్పిన పాఠము

పడుకొన్న మనిషి కంటితో భవనమును ఊహించినవారిలో ఫిన్లండు దేశపు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో ముఖ్యుడు. ఆయన పైమియో అను చోట పైనుచెట్ల అడవి నడుమ నిర్మించిన క్షయ ఆరోగ్యశాల 1933లో పూర్తియైనది. ఇది హాస్పిస్ కాదు. కాని అప్పటికి క్షయకు సరియైన మందు లేదు గనుక, రోగులు నెలల తరబడి పడుకొని ఉండెడివారు. ఆల్టో పైకప్పుకు కన్నులకు చల్లనైన ముదురు రంగు వేయించినాడు. పడుకొన్నవానికి తెల్లని కప్పు మిరుమిట్లు గొలుపును. దీపము రోగి చూపులో పడకుండునట్లు అమర్చినాడు. వెచ్చదనము తలకు గాక పాదముల వైపు వచ్చునట్లు చేసినాడు. చేతులు కడుగుకొను తొట్టిని నీరు పడినను చప్పుడు కాని వాలుతో రూపొందించినాడు. ప్రక్క మంచముమీది రోగి నిద్ర చెడకూడదు గదా.

స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడినది. తరువాత మరికొన్ని మందులు వచ్చినవి. గాలి, ఎండ, అడవి క్షయను నయము చేయునను నమ్మకము సడలినది. లోకములోని క్షయ ఆరోగ్యశాలలు ఒక్కొక్కటిగా ఖాళీయైనవి, లేదా వేరు పనులకు మారినవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 20వ శతాబ్ది రెండవ దశకమున వెలసిన క్షయ ఆరోగ్యశాలను తెలుగువారు ఎరుగుదురు. అదియు గాలి మంచిదని ఎంచుకొన్న చోటే. తరువాతి కాలమున అది సాధారణ వైద్యశాలగా మారినది. ఈ చరిత్ర నేర్పు పాఠము స్పష్టము. ప్రకృతి రోగమును నయము చేయునను వాదముపై కట్టిన భవనము, మందు రాగానే పాతబడిపోవును. మనిషిని ఊరడించుటకై చేసిన ఏర్పాటు పాతబడదు. ఆల్టో అడవిని గూర్చి నమ్మినది సగమే నిలిచినది. చప్పుడు కాని నీటితొట్టి నేటికిని సరియైనదే.

కలప ఇల్లు, చల్లని పిడి

ఇక సామగ్రి మాట. ఇంగ్లండులో ఓల్డ్‌హామ్ పట్టణపు ఆసుపత్రి ఆవరణలో 2017లో తెరవబడిన మ్యాగీస్ కేంద్రము ఈ విషయమున తరచు ప్రస్తావించబడుచున్నది. ఇదియు హాస్పిస్ కాదు. కాన్సరు రోగులు, వారి బంధువులు పగటివేళ వచ్చి ఊరట పొందు గృహము. భవనమంతయు సన్నని స్తంభములపై తోటకు పైన నిలిచియున్నది. నడుమ విడిచిన ఖాళీలో ఒక చెట్టు క్రిందినుండి మొలచి పైకి వచ్చుచున్నది. గోడలు, కప్పు అమెరికా ట్యులిప్ చెట్టు కలపతో చేసినవి. పలకలను ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డముగా పేర్చి అతికిన దిమ్మలవి. గట్టి కలపను ఈ విధముగా వాడి కట్టిన మొదటి శాశ్వత భవనమిదియని చెప్పుదురు. వాస్తుశిల్పులు డీఆర్ఎంఎం సంస్థవారు.

ఇందులో నాకు ఎక్కువ నచ్చినది చెట్టు కాదు, తలుపు పిడి. పిడులు లోహముతో గాక కలపతో చేసినారు. కారణము ఉన్నది. ఆక్సాలిప్లాటిన్ వంటి కొన్ని కాన్సరు మందులు నరములపై పనిచేసి, చల్లని వస్తువును ముట్టుకొన్న వ్రేళ్ళు సూదులతో పొడిచినట్లు బాధపెట్టును. గదిలో ఉన్న ఇనుపపిడి, కొయ్యపిడి ఒకే ఉష్ణోగ్రతలో ఉండునని విద్యార్థులు ఎరుగుదురు. అయినను ఇనుము చల్లగా తోచును. ఏలయన అది చేతిలోని వేడిని త్వరగా లాగుకొనును. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత కలపదానికన్న సుమారు 100 రెట్లు. భౌతికశాస్త్రపు పాఠము ఒకటి ఇక్కడ దయగా మారినది. సామగ్రిని ఎన్నుకొనుట అనగా ఇది.

కలప భూమికి మేలు చేయునను వాదమును కూడ లెక్క వేసి చూతము. ఎండిన కలప బరువులో సుమారు సగము కర్బనము. 1000 కిలోల కలపలో 500 కిలోల కర్బనమున్నచో, చెట్టు దానికై గాలినుండి గ్రహించిన బొగ్గుపులుసు వాయువు 500ను 44తో హెచ్చించి 12తో భాగించగా వచ్చునంత. అనగా సుమారు 1830 కిలోలు. భవనము నిలిచియున్నంతకాలము అది గాలిలో కలియదు. కాని పుచ్చి పడిపోయినను, కాలినను తిరిగి పోవును. కాబట్టి కలప భవనము మంచిదగుటకు రెండు షరతులు కలవు. నరికిన చోట మరల చెట్టు పెరుగవలెను. కట్టినది చాలకాలము నిలువవలెను.

ఓల్డ్‌హామ్ కలప అమెరికాలో పెరిగినది, జర్మనీలో అతుకబడినది, ఇంగ్లండులో నిలుపబడినది. సముద్రముమీది రవాణాకు బరువునుబట్టి చూచినచో ఇంధనము తక్కువే ఖర్చగును గనుక, దీనిని గొప్ప తప్పుగా ఎంచనక్కరలేదు. ఒక కొత్త పద్ధతిని నిరూపించుటకు కట్టినదని సమర్థించుకొనవచ్చును. కాని దానిని చూచి మనము అదే కలపను ఓడలో తెప్పించుకొన్నచో అది అనుకరణ అగును గాని వివేకము కాదు. మనకు చెదలున్నవి, వానకాలపు తేమ ఉన్నది. సామగ్రి మంచిచెడ్డలు దేశమునుబట్టి మారును.

మన నేలలో దొరకునది

మనము వాడుచున్న సిమెంటు సంగతి చూతము. సున్నపురాయిని కాల్చినపుడు ప్రతి 100 పాళ్ళ రాయి నుండి 56 పాళ్ళ సున్నము, 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు వచ్చును. సిమెంటు బట్టీలో జరుగునది ముఖ్యముగా ఇదే. బట్టీకి వేసిన బొగ్గు నుండి వచ్చు వాయువు దీనికి అదనము. మానవుల చర్యలవలన గాలిలో చేరు ఈ వాయువులో 7, 8 శాతము సిమెంటు పరిశ్రమదే. సున్నము కూడ కాల్చిన రాయే. కాని గోడకు పూసిన సున్నము గాలినుండి ఆ వాయువును మెల్లమెల్లగా తిరిగి పీల్చుకొని మరల రాయి అగును. పోయినదంతయు తిరిగి రాదు. బట్టీలో కాలిన కట్టెల వాయువు బయటనే ఉండును. అయినను లెక్కలో తేడా ఉన్నది.

రాతికి ఈ బాధ లేదు. తెలుగునాట తాండూరు బండ, కడప బండ, గ్రానైటు చేరువలోనే దొరకును. మందమైన రాతిగోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చి, గంటల తరువాత విడుచును. పగలు మాత్రమే పనిచేయు కచేరీకి ఇది వరము. రాత్రియు అక్కడే పడుకొను హాస్పిస్‌కు ఇదే గోడ వేసవి రాత్రి శత్రువు కాగలదు. పగలంతయు ఎండ పడిన పడమటి గోడ రాత్రి పది గంటలకు వేడి ఊపిరి విడుచును. కాబట్టి "రాయి చల్లన" అని ఊరకుండరాదు. ఆ రాతిపై ఎండ పడనీయకుండుట సగము పని. రాత్రి గాలి లోనికి వచ్చునట్లు చేయుట మిగిలిన సగము.

ఇక్కడ వసారా మనకు సహాయపడును. హైదరాబాదు అక్షాంశము సుమారు 17.4 డిగ్రీలు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నము సూర్యుడు దక్షిణమున సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉండును. దక్షిణముఖముగా 2 మీటర్ల వసారా వేసి, చూరును 2 మీటర్ల 40 సెంటీమీటర్ల ఎత్తున నిలిపినచో, ఆ వేళ గోడ అడుగున 8 సెంటీమీటర్ల మేర మాత్రమే ఎండ తగులును. వేసవి మధ్యాహ్నము సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండును గనుక ఆ గోడకు ఎండే తగులదు. చలికాలమున ఎండ కావలసిన రోగి మంచమును వసారా చివరకు జరుపవచ్చును. పడమటి ఎండ ఏటవాలుగా వచ్చును. దానిని ఏ చూరును ఆపలేదు. అందుచేత పడమటివైపు ఎంత చక్కని దృశ్యమున్నను అక్కడ అద్దపుగోడ పెట్టరాదు. పెట్టినచో రోజంతయు తెర దించియే ఉంచవలెను. తెర దించిన కిటికీ గోడతో సమానము.

కరుణాశ్రయము

మన పొరుగున బెంగుళూరులో 1999 నుండి పనిచేయుచున్న కరుణాశ్రయము ఈ విషయములన్నిటికి మంచి ఉదాహరణము. నయముకాని కాన్సరు రోగులకు ఇక్కడ ఉచితముగా సేవ చేయుదురు. వాస్తుశిల్పి సంజయ్ మోహే. రాతిగోడలు, నడుమ కొలను, చుట్టును తోటలు, వాటివైపు తెరుచుకొను వార్డులు. ఇది ఆసుపత్రి వలె ఎత్తుగా లేచి మనిషిని బెదిరించదు. నేలకు దగ్గరగా ఉండి, ఊరిలోని పెద్ద మండువా ఇంటిని తలపించును. మన ఇండ్లలో నడుమ ఆకాశము కనబడుట కొత్త సంగతి కాదు. కొత్త మాటలతో పొగడబడుచున్న "ప్రకృతి అనుబంధము" మనకు పాత అలవాటేనని ఈ భవనము జ్ఞాపకము చేయుచున్నది.

దీనిలో మెచ్చుకొనదగినది ఇంకొకటి. కొన్ని ఐరోపా హాస్పిస్‌లలో ప్రతి రోగికి ప్రత్యేకమైన గది ఉండును. డెన్మార్కులో 2007లో తెరవబడిన యూర్స్‌ల్యాండు హాస్పిస్‌లో గదులన్నియు సముద్రశాఖ వైపు చూచుచుండును. అది అక్కడివారికి తగును. మనవారిలో చాలమందికి జబ్బుపడినపుడు ఒంటరిగది ఓదార్పు కాదు, భయము. ప్రక్క మంచముమీది మనిషి పలుకరింపు, అతని కూతురు తెచ్చిన మజ్జిగలో తనకొక గ్లాసు, ఇవియు ఉపశమనములే. వార్డు పద్ధతిని బీదతనపు గుర్తుగా భావించి విడువనక్కరలేదు. కాని తుది గంటలలో ఇంటివారు మాత్రమే ఉండదగిన గది ఒకటైనను ప్రతి వార్డుకు ఉండి తీరవలెను.

కొలనును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఈ భవనపు చిత్రములు చూచి, హాస్పిస్ అనగానే కొలను త్రవ్వవలెనని కొందరనుకొనవచ్చును. నీరు కంటికి చల్లన, నిజమే. కాని మన ఎండలలో నిలిచిన నీటిలో దోమగుడ్డు వారము, పది రోజులలో దోమ అగును. కదలలేని రోగి తన ముఖముమీది దోమను తోలుకొనలేడు. కొలను త్రవ్వువారు నీటిని కదలించు ఏర్పాటును, చేపలను, కిటికీలకు దోమతెరలను, వీటిని ఏటేట చూచుకొను మనిషి జీతమును కూడ లెక్కలో వేసికొనవలెను. ప్రకృతిలో కోకిల ఉన్నది, దోమయు ఉన్నది. వాస్తుశిల్పి మొదటిదానిని చిత్రించును. రెండవదానితో నర్సు వేగవలెను.

గాలి

ప్రకృతి రోగికి సూటిగా చేయు మేలు ఒకటి ఉన్నది. దానిని గూర్చి తగినంతగా ఎవరును వ్రాయరు. ఊపిరితిత్తుల వ్యాధితోను, కాన్సరుతోను ఆయాసపడువారికి ముఖమునకు గాలి తగిలినచో ఆయాసము తగ్గినట్లుండును. 2010లో ప్రకటింపబడిన ఒక ఇంగ్లీషు పరిశోధనలో 50 మంది రోగులకు చేతిలో పట్టుకొను చిన్న పంకాతో ఒకసారి ముఖమునకు, ఒకసారి కాలికి గాలి తగులునట్లు చేసి చూచినారు. ముఖమునకు తగిలినపుడే ఆయాసము తగ్గినది. ముఖచర్మములోని నరములకు చల్లగాలి తగులుట మెదడునకు ఊరట నిచ్చునని వైద్యుల అభిప్రాయము. రోగి ప్రక్కన కూర్చుండి విసనకఱ్ఱతో విసరిన మన ముసలమ్మలు చేసినది సరియైన వైద్యమే.

దీనినిబట్టి భవనమునకు ఏమి తేలుచున్నది? కిటికీ తెరచుటకు వీలుగా ఉండవలెను. గాలి వచ్చు కిటికీకి ఎదుటిగోడలో గాలి పోవు దారి ఉండవలెను. మంచము ఆ రెంటి నడుమ, తల గాలివైపు ఉండునట్లు పట్టవలెను. దృశ్యము కొరకు బిగించిన పెద్ద అద్దము, తెరువరానిది, ఈ పరీక్షలో తప్పును.

భవనము చేయలేనిది

ఇంత చెప్పిన తరువాత భవనపు హద్దును కూడ చెప్పకున్న అన్యాయమగును. నొప్పితో మెలికలు తిరుగుచున్న మనిషికి కిటికీలో ఏ చెట్టున్నను కనబడదు. హాస్పిస్‌లో మొదటి సామగ్రి కలప కాదు, రాయి కాదు, మార్ఫీను. మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన వైద్యశాలలకు మార్ఫీను తెచ్చుకొనుట చాలకాలము కష్టమైనది. 2014లో చట్టమును సవరించి దారి సులభము చేసినారు. అయినను మందు ఇచ్చుట నేర్చిన వైద్యులు, నర్సులు అన్ని ఊళ్ళలోను లేరు. దాతలు రాతిఫలకముమీద పేరు కనబడు భవనమునకు సంతోషముగా ఇత్తురు; నర్సు జీతమునకు ఇచ్చువారు అరుదు. భవనము ఎంత అందమైనదో వ్రాయు విమర్శకుడు, అందులో రాత్రి రెండు గంటలకు నొప్పి అన్నవానికి మందు ఎంతసేపటిలో అందునో అడిగి తెలిసికొని వ్రాయవలెను.

అంతే కాదు. హాస్పిస్ మంచములు కొన్నియే. కేరళలో 1993లో కోళిక్కోడులో మొదలైన ఉద్యమము రోగిని భవనమునకు రప్పించుటకన్న, నర్సును, శిక్షణ పొందిన ఊరివారిని రోగి ఇంటికి పంపుట మేలని చూపినది. 2008లో ఆ రాష్ట్రము ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. ఎక్కువమందికి చివరి గది తమ ఇంటి గదియే. కాబట్టి పైన చెప్పిన కొలతలు వాస్తుశిల్పులకే గాక మనకందరికిని పనికివచ్చును. గోడ మూలకు చేర్చిన మంచమును కిటికీవైపు తిప్పుటకు దాత అక్కరలేదు. నవారుమంచమును సాయంకాలము వసారాలోనికి తెచ్చి, వీధి కనబడునట్లు వేయుటకు వాస్తుశిల్పి అక్కరలేదు. కొత్త ఇల్లు కట్టుకొనువారు ఒక్క గదికైనను కిటికీ క్రిందిగోడను తగ్గించి, ఒక్క ద్వారమునకైనను గడప లేకుండ చేసినచో, ఎప్పుడో ఒకనాడు ఇంటిలోని పెద్దవారికి అది అక్కరకు వచ్చును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసముగా ఇయ్యవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఇంటిలో మంచముమీద పడుకొని, కన్ను ఎత్తును, కిటికీ దూరమును, క్రిందిగోడ ఎత్తును కొలిచి, బయట ఎంత దూరమున ఎంత ఎత్తు వరకు తనకు కనబడదో లెక్క కట్టవలెను. ఇంటిలో తాతయో, అమ్మమ్మయో ఎక్కువకాలము మంచముమీదనే ఉన్నచో, ఆ లెక్క వారి మంచమునుండి కట్టవలెను. సరూప త్రిభుజములు ఎందుకు పనికివచ్చునని ఆ తరువాత ఏ విద్యార్థియు అడుగడు.